పక్కవాడి సబ్జెక్టు

మా కాలేజీలో పార్ట్ టైమ్ సార్లకు గది లేదు. మెట్ల కింద ఒక బల్ల, మూడు కుర్చీలు వేసి, అక్కడ కూర్చోమన్నారు. నా చీపుర్లూ బకెట్లూ ఫినాయిల్ డబ్బాలూ ముందునుంచీ అక్కడే ఉండేవి. వాళ్ళు నా చోటులోకి వచ్చారో, నేను వాళ్ళ చోటులో ఉన్నానో ఎవరూ తేల్చలేదు. తేల్చే అవసరం ఎవరికీ రాలేదు కూడా.

అనంతపురం నుంచి బుక్కరాయసముద్రం పోయే వైపు, ఇళ్ళ ప్లాట్లు చేలను మింగుతూ పోయిన చోట ఉంది ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీ. నేను అందులో ఆయాను. ఊడ్చేది, తుడిచేది, గంట కొట్టేది నా పని. మావాళ్ళది గొర్రెల బతుకు. వరసగా వానలు పోయిన కాలంలో మందను సంతలో తెగనమ్మి టౌనుకు వచ్చి పడ్డాం. మొగుడు పోయాక ఎవరో చెబితే ఈ పనిలో చేరాను. అప్పటికి నాకు అక్షరం రాదు. బస్సు బోర్డు చదవలేక, రంగు చూసి ఎక్కేదాన్ని.

మెట్ల కింద ముగ్గురు ఉండేవాళ్ళు.

ఒకాయన హిస్టరీ సారు. తాడిపత్రి మనిషి. చదువు అయ్యాక కొన్నేళ్ళు అక్కడే బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేశాడు. బండల దుమ్ముకు దగ్గు పట్టుకుంటే వదిలేసి పాఠాలు చెప్పడానికి వచ్చాడు. దగ్గు ఉన్నా గొంతు మాత్రం కంచు. అందుకని సాయంత్రాలు ఆటోలో మైకు పెట్టుకుని నాయకుల మీటింగులకు ప్రచారం చేసేవాడు. ఏ పార్టీ పిలిస్తే ఆ పార్టీకి. ‘రాజుల చరిత్ర పొద్దున చెప్తా, వీళ్ళ చరిత్ర మాపటికి చెప్తా’ అని నవ్వేవాడు.

రెండో ఆమె లెక్కల మేడమ్. గుంతకల్లు నుంచి రోజూ రైల్లో వచ్చేది. వాళ్ళ నాయన రైల్వేలో చేసి రిటైరైన మనిషి. చిన్నప్పుడు రైల్వే గ్రౌండులో వాలీబాల్ ఆడి జిల్లా దాకా పోయిందట. పెళ్ళయ్యాక ఆట పోయింది, పిచ్చి పోలేదు. మధ్యాహ్నం పూట కొంగు నడుముకు దోపి పిల్లలతో ఎగిరి కొట్టేది. లెక్కలతో పాటు కంప్యూటర్లు కూడా నువ్వే చెప్పాలన్నారు ఆమెతో. కంప్యూటర్ పాఠం పొద్దున రైల్లో చదువుకుని, పదకొండు గంటలకు క్లాసులో చెప్పేది.

మూడో ఆయన బాటనీ సారు. ఈ రాతంతా ఆయన గురించే.

నల్లగా, ఎండిన కంపలా ఉండేవాడు. వాళ్ళ నాయన మెట్ట చేలో బుడ్డలు, అదే వేరుశనగ, వేసి, బుడ్డలు రాక, మళ్ళీ బుడ్డలే వేసి, అట్లాగే కాటికి పోయిన రైతు. ఈయన ఆ చేలోనే కలుపు తీస్తూ, తీసిన కలుపు పేర్లు నేర్చుకున్నాడు. పెద్ద చదువే చదివాడు. గవర్నమెంటు లెక్చరర్ పోస్టు కోసం కాచుకుని కాచుకుని వయసు దాటించుకున్నాడు. మా కాలేజీకి ముందు ఇంకో కాలేజీ, దానికి ముందు ఒక ట్యూషన్ సెంటరు. సెలవొస్తే మొక్కలు ఏరడానికి గుట్టల మీద పడి తిరిగేవాడు. తెచ్చినవాటిని పాత పేపర్ల మధ్య పెట్టి, మీద బండ పెట్టి, ఎండినాక అట్టలకు కుట్టి పేరు రాసేవాడు. పైఅంతస్తులో ల్యాబు అని ఒక గది. ఆ గది నిండా ఆ అట్టలే.

అంత పెద్ద చదువు చదివి ఈ మెట్ల కింద కూర్చోవడం ఏమిటని బాటనీ సారును ఒకసారి అడిగాను. పార్ట్ టైమ్ అంటే ఏంది సారూ అన్నాను.

హిస్టరీ సారే అందుకున్నాడు. ‘నువ్వు గంట కొడితే మాకు దుడ్లు పెద్దమ్మా. కొట్టకపోతే లేదు. గంటల లెక్కన కూలోళ్ళం. నువ్వు మర్చిపోయి నిద్రపోయినావంటే ఆ పూట మా ఇండ్లల్లో పొయ్యి ఎలగదు.’

నవ్వులాటకే అన్నాడు. కానీ ఆ మాట విన్న తర్వాత నేను గంట దగ్గర కునుకు తీయలేదు.

నాకు అక్షరాలు వచ్చింది బాటనీ సారు గదిలోనే. ఊడ్చేటప్పుడు అట్టలు చూసి, ఇది తంగేడు, ఇది ఉత్తరేణి, ఇది పల్లేరు అని చెప్పేదాన్ని. గొర్రెల వెంట తిరిగినదానికి అవి తెలియకపోతే వింత. ఆయన ఒకరోజు ఇంగ్లీషు పేరు కింద తెలుగులో కూడా పేర్లు రాసి, ‘సదువు పెద్దమ్మా’ అన్నాడు.

‘నాకు రాదు సారూ.’

‘వచ్చు. ఇదేం మొక్క?’

‘తంగేడు.’

‘అయితే కింద రాసింది అదే. మూడు అచ్చరాలు. మొదటిది తం. ఇంగ యాడయినా ఇదే బొమ్మ కనిపిస్తే నోట్లో తం అనుకో.’

అట్లా మొక్క ముందు, అక్షరం తర్వాత వచ్చింది నాకు. యాభై దాటాక బస్సు బోర్డు చదివి ఎక్కాను. గొప్పేమీ లేదు, బస్సులో సీటు అప్పుడూ దొరకలేదు. కానీ రంగు చూసి ఎక్కడం తప్పింది.

ఇక ఎండాకాలం సంగతి. బయటివాళ్ళకు తెలియదు. ప్రైవేటు కాలేజీ సార్లకు వేసవిలో పాఠాలు ఉండవు, కూలి ఉండదు, పని మాత్రం ఉంటుంది. ఇంటర్ పాసైన పిల్లల ఇళ్ళకు ఊరూరా తిరిగి, మా కాలేజీలో చేర్చండని అడగాలి. అడ్మిషన్ల క్యాంపెయిన్ అంటారు. పెట్రోలు ఇస్తారు. ఆడపిల్లల తల్లులు మగ సార్ల మాట నమ్మరని, నన్ను కూడా వెంట పంపేవాళ్ళు. ‘మీ పాపను నేను చూసుకుంటా తల్లీ’ అని చెప్పడం నా వంతు.

మొదటి ఏడాది మొదటి ఇంట్లోనే మాకు బుద్ధి వచ్చింది. హిస్టరీ సారు తన కంచుగొంతుతో హిస్టరీ ఎంత గొప్పదో చెప్పాడు. ఇంటాయన అంతా విని, బీడీ ఆర్పి, ‘మీరు ఈ హిస్టరీనే సదివినారా సార్?’ అన్నాడు. అవునన్నాడు. ‘మరి ఈ ఎండకు మా ఇంటికి ఏంటికొచ్చినారు?’

సారు చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. మైకులో గంటలకొద్దీ మాట్లాడే మనిషి.

ఆరోజు తిరిగొస్తూ చింతచెట్టు కింద ఆగినప్పుడు ఆయనే ఒక కట్టు పెట్టాడు. ఎవరి సబ్జెక్టు గురించి వాళ్ళు మాట్లాడకూడదు. బాటనీని హిస్టరీ సారు పొగుడుతాడు. హిస్టరీని మేడమ్ పొగుడుతుంది. కంప్యూటర్లను బాటనీ సారు పొగుడుతాడు. ‘నువ్వేం సదివినావు, నీకేమొచ్చె’ అని అడిగితే, నాది వేరే సబ్జెక్టన్నా అనొచ్చు. తనది కానిదాన్ని ఎంతైనా పొగడొచ్చు, నోరు తడబడదు.

నాకు అది కొత్తగా అనిపించలేదు. గొర్రెల సంతలో ఇదే పద్ధతి. తన గొర్రెను తాను పొగడడు ఎవడూ. పక్కన నిలబడినవాడు, ఏ సంబంధం లేనట్టు, ‘అబ్బ, ఏం పొట్టేలప్పా ఇది, నా కాడ దుడ్లుంటే నేనే పట్టుకుపోదును’ అంటాడు. తర్వాత వాడి గొర్రెకు వీడు అంటాడు. కొనేవాడికీ తెలుసు, అయినా బేరం నడుస్తుంది. చదువుకున్నవాళ్ళు కూడా చివరికి సంతకే వచ్చారు.

ఈ పద్ధతి మీద కొన్నేళ్ళు లాగించాం. బాటనీలో పిల్లలు మాత్రం ఏటికేడు తగ్గారు. అందరికీ కంప్యూటర్లే కావాలి. ఒక ఏడు వేసవి మొదట్లో కాలేజీ యజమాని, కరస్పాండెంట్ అంటారు ఆయనను, మెట్ల దగ్గర ఆగాడు. భూములూ రాజకీయం రెండూ ఉన్న ఇంటి మనిషి. గొంతు పెంచేవాడు కాదు.

‘ఏం సార్, ఈ మొక్కలు సదివి పిల్లోల్లు ఏం జేస్తారప్పా? ఈ ఏడు గ్రూపు నిండితే నువ్వుంటావు. నిండకపోతే గ్రూపు ఎత్తేస్తా, ఆ పై గది కంప్యూటర్లకిస్తా. ముందే చెప్తాండా, మళ్ళ నన్ను అనొద్దు.’

బాటనీ సారు తలూపాడు. ఆయనకు ఇద్దరు పిల్లలు. భార్య కుట్టుమిషను పెట్టుకుని కుట్టేది. ఇంకో కాలేజీలో బాటనీ చెప్పే చోటు అనంతపురం చుట్టుపక్కల ఇక మిగల్లేదని మెట్ల కింద అందరికీ తెలుసు.

ఆ వేసవి ముగ్గురూ ఆయన కోసమే తిరిగారు. హిస్టరీ సారు బాటనీని పొగిడిన తీరు వింటే నాకే చేరాలనిపించేది. మందుల కంపెనీలన్నాడు, అడవి ఆఫీసర్లన్నాడు. కొందరు చేరతామన్నారు. అన్నవాళ్ళలో సగం మందిని వేరే కాలేజీవాళ్ళు బ్యాగులు ఇచ్చి ఎత్తుకుపోయారు. ఇంకా నలుగురైదుగురు కావాలి అన్న దగ్గర ఆగిపోయింది.

జూన్ మొదట్లో, చెరువు అవతల ఒక ఊళ్ళో ఒక పాప ఉందని తెలిసింది. ఇంటర్‌లో బైపీసీ, మంచి మార్కులు. అందరం పోదామనుకున్న రోజున హిస్టరీ సారుకు తాడిపత్రిలో ఎవరో నాయకుడి ఊరేగింపు తగిలింది, మైకు పనికి పోయాడు. మేడమ్ ఎక్కిన రైలును పట్టాల పని అని దారిలోనే ఆపేశారు. ఫోన్ చేసి, ‘నేను రాలేను సార్, రేపు పోదాం’ అంది.

‘రేపటికి ఇంకో కాలేజీ వాళ్ళు పోతారు పెద్దమ్మా’ అన్నాడు బాటనీ సారు. ‘పోదాం పద, మనమిద్దరమే.’

‘మరి నీ సబ్జెక్టు ఎవరు పొగడాల?’

‘నువ్వే.’

బండి ఎక్కాను. దారి పొడుగునా ఏం చెప్పాలో మనసులో అనుకుంటూ పోయాను.

రేకుల ఇల్లు. పక్కన కంప నాటిన గొర్రెల దొడ్డి, అందులో మంద చిన్నదే. ఇంటాయన నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు.

‘కాలేజీనా? రాండి. మీతో అయిదో కాలేజీ. ఒకడు బ్యాగు ఇస్తాననె, ఒకడు ఫోను ఇస్తాననె. మీరేమిస్తారప్పా?’

‘నేనేమీ ఇయ్యలేనన్నా’ అన్నాడు సారు.

‘అదన్నా నిజం చెప్పినావు. కూచో.’

ఇల్లాలు మజ్జిగ తెచ్చింది. నేను మొదలుపెట్టాను. ‘అన్నా, ఈ సారు మామూలు మనిషి గాదు. నేను ఆయన కాడనే అచ్చరాలు నేర్చుకున్నా, ఈ వయసులో. బాటనీ అంటే...’

‘నేర్చుకుని ఏం ఉద్యోగమొచ్చెక్కా నీకు?’

‘ఊడ్చేది. అది ముందే ఉండె’ అన్నాను. ఇల్లాలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను అనుకుని వచ్చిన మాటలన్నీ అక్కడితో ఆవిరైపోయాయి. పక్కవాడి గొర్రెను పొగడడానికి కూడా నోరు ఉండాలి.

అప్పుడు దొడ్డి వైపు నుంచి ఆ పాప వచ్చింది. చేతిలో నీళ్ళ బకెట్టు. అది కింద పెట్టకుండానే అడిగింది.

‘సార్, మీరు మొక్కల గురించి చెప్పే సారేనా?’

‘అవును పాపా.’

‘అయితే ఒకటి అడుగుతా. పోయినేడు మా గొర్రెలు జొన్నచేలో పడి మేసి నాలుగు జీవాలు సచ్చిపోయె. నాము తగిలిందంటారు అందరూ. ముందేడు అదే చేలో మేసినాయి, ఏమీ కాలే. చేను అదే, విత్తనం అదే. ముందేడు లేని విషం పోయినేడు యాడినుంచి వచ్చె?’

వాన లేక వాడిన జొన్న పైరుగానీ, కోసిన మోళ్ళకు వచ్చిన పిలకలుగానీ మేస్తే జీవాలు కడుపుబ్బి, కాళ్ళు కొట్టుకుని చస్తాయి. దాన్ని నాము అంటాం. మా చిన్నప్పటినుంచి చూసిందే. ఎందుకని ఎవరూ అడగలేదు. దేవుడి కోపం అనుకుని పోయేవాళ్ళం.

సారు మంచం మీదినుంచి దిగి నేల మీద గొంతుక్కూర్చున్నాడు. ఇల్లాలిని అడిగి చిటికెడు పసుపు ఒక గిన్నెలో, కొంచెం సున్నం ఇంకో గిన్నెలో తెప్పించాడు.

‘ఇది పసుపు. ఇది సున్నం. వేరేవేరేగా ఉండాయి, ఎవరికీ ఏమీ కాదు. జొన్నాకులో కూడా ఇట్లే రెండు సరుకులు రెండు గదుల్లో పెట్టుకుంటాది. మధ్యలో గోడ ఉంటాది. గొర్రె నోట్లో పెట్టి నమిలినాదనుకో, గోడ పగిలిపోతాది.’ రెండూ అరచేతిలో వేసి నలిపాడు. ఎర్రగా అయింది. ‘అప్పుడు పుడతాది విషం. ఆకులో లేదు పాపా. నమిలినప్పుడు పుడతాది.’

‘మరి వాన పడిన ఏడు?’

‘వాన పడితే పెరిగే పనిలో ఉంటాది, ఆ సరుకు శానా తగ్గిపోతాది. వాన లేకపోతే పెరగలేదు, పరిగెత్తలేదు. దాన్ని కాపాడేవాళ్ళు ఎవరుండారు? అందుకని ఆ సరుకు నింపుకుని కూచుంటాది. బతకాల గదా అది కూడా.’

పాప బకెట్టు అప్పటికి కింద పెట్టింది. ఇంకా అడిగింది. ఆయన ఇంకా చెప్పాడు. ఎండ గోడ దిగింది. ఇంటాయన బీడీ వెలిగించడం మర్చిపోయాడు. అన్నేళ్ళు ఆయన గది ఊడ్చాను గాని, ఆయన పాఠం మొదటినుంచి చివరిదాకా కూర్చుని వినడం నాకూ అదే మొదటిసారి. నేను గంట కొట్టి బయటే ఉండేదాన్ని.

చివరికి ఆ పాప వాళ్ళ నాయన వైపు తిరిగి, ‘నాయనా, నేను ఈ సారు కాడ సదువుతా’ అంది.

పని అయిపోయిందనుకున్నాను. లేవబోయాను కూడా.

ఇంటాయన సారునే చూస్తూ అన్నాడు. ‘సరే సార్. బ్యాగొద్దు, ఫోనొద్దు. ఉద్యోగం వస్తాదా రాదా అని గూడా అడగను. ఒక్కటే మాట. సదువు అయిపోయేదాకా మా పాపకు నువ్వే చెప్తావా? నువ్వుంటానంటే రేపే తోలుకొస్తా.’

సంతలో ఎప్పుడూ గొర్రె ధర అడుగుతారు. గొర్రెతో పాటు కాపరి కావాలని ఎవరూ అడగరు. దానికి చింతచెట్టు కింద పెట్టుకున్న కట్టులో జవాబు లేదు.

‘ఉంటాడులే అన్నా, యాడికి పోతాడు’ అన్నాను నేను.

‘పెద్దమ్మా, ఉండు’ అన్నాడు సారు. అరచేతిలో ఎర్రరంగు అట్లాగే ఉంది. దాన్ని చూసుకుంటూ చెప్పాడు. ‘అది నా చేతిలో లేదన్నా. నేను పర్మినెంటు గాదు. పిల్లోల్లు సరిపోను చేరితే గ్రూపుంటాది, నేనుంటా. లేకపోతే ఎత్తేస్తారు. మీ పాప చేరినాక ఎత్తేసినా ఎత్తేస్తారు. నేను మాట ఇయ్యలేను.’

ఆ పాప బకెట్టు ఎత్తుకుని దొడ్డిలోకి పోయింది.

‘ఆలోచిస్తాలే సార్’ అన్నాడు ఇంటాయన. ఆ మాటకు అర్థం ఏ ఊళ్ళోనైనా ఒకటే.

దారిలో నేను ఊరుకోలేదు. బండి వెనక కూర్చుని చెవి దగ్గరే తిట్టాను. ‘ఉంటానని ఒక్క మాట చెప్తే నోరు పడిపోతాదా? ఇంట్లో పిల్లోల్లుండారు, వాళ్ళకు మట్టి పెడతావా? హిస్టరీ సారు ఇన్ని అబద్ధాలు చెప్పె, ఆయన నాలుక ఏమన్నా ఊడిపోయెనా?’

‘ముందు కాలేజీలో చెప్పినా పెద్దమ్మా. ఉంటా, నేను సదివిస్తా అని. రెండో ఏడు కాలేజీనే మూసేసినారు. ఆ పిల్లోల్లు ఇప్పటికీ బస్టాండులో నన్ను చూసి మొగం తిప్పుకుంటారు.’

నేను కొంగు నెత్తిన కప్పుకుని బండి గట్టిగా పట్టుకున్నాను.

వారం పది రోజులకు ఆ ఇంటాయన కూతురిని తీసుకుని కాలేజీకి వచ్చాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. ఆఫీసు గదిలో కరస్పాండెంట్ కూడా ఉన్నాడు. ఏ గ్రూపు అంటే బాటనీ అన్నాడు. బాటనీ ఎందుకప్పా, కంప్యూటర్లు పెట్టుకోరాదా అని గుమాస్తా అంటే, గదంతా వినిపించేటట్టు చెప్పాడు. ‘అయిదు కాలేజీల వాళ్ళొచ్చినారు సామీ మా ఇంటికి. మాట ఇయ్యను అన్న మనిషి ఆ సారొక్కడే. ఆయనను చూసి వచ్చినా.’

నేను తలుపు దగ్గర తడిగుడ్డ పిండుతున్నాను. కరస్పాండెంట్ తల ఎత్తి ఆ రైతును చూసిన చూపు నాకు కనబడింది. మంచి పొట్టేలును చూసినట్టు చూశాడు. ఆ పొట్టేలు రైతే అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

ఫీజు కట్టించుకున్నారు. మార్కుల మెమో, టీసీ, ఒరిజినల్సన్నీ బీరువాలో పెట్టుకున్నారు. బాటనీ సారు ఆ పాపను పై గదికి తీసుకుపోయి అట్టలు ఒక్కొక్కటి చూపించాడు. మెట్లు దిగుతూ ఈల వేశాడు. ఆయన ఈల వేయగలడని నాకు అప్పటిదాకా తెలియదు.

క్లాసులు మొదలైన నెలలోపే గ్రూపు ఎత్తేశారు. చేరినవాళ్ళు చాలలేదు. ఆ పాప ఒక్కతి చేరినందువల్ల నిలిచేదీ కాదు, చేరకపోయినందువల్ల పోయేదీ కాదు. ఉన్న కొద్దిమందినీ కంప్యూటర్లలోకి మార్చారు. వద్దన్నవాళ్ళకు ఒరిజినల్స్ ఇవ్వలేదు. మూడేళ్ళ ఫీజు మొత్తం కడితే తీసుకుపోవచ్చన్నారు.

బాటనీ సారును కరస్పాండెంట్ పిలిపించాడు. పొమ్మంటాడని మెట్ల కింద అందరం అనుకున్నాం. మేడమ్ ఆయన అన్నం డబ్బా కూడా సంచిలో సర్దిపెట్టింది. ఆయన తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

‘ఏమన్నాడన్నా?’ అన్నాడు హిస్టరీ సారు.

‘పర్మినెంటు చేస్తానన్నాడు.’

ఎవరికీ అర్థం కాలేదు.

‘పాఠాలకు గాదు. అడ్మిషన్లకు. ఏడాదంతా ఊర్లమ్మట తిరగాల. నెలజీతం, పెట్రోలు. “బ్యాగు లేకుండా, ఫోను లేకుండా పిల్లను తెచ్చినావు సార్. ఇట్లాంటి మనిషి నాకు ఈ జిల్లాలో ఇంకోడు దొరకడు” అన్నాడు.’

హిస్టరీ సారు చాలాసేపు దగ్గాడు. ‘తీసుకో అన్నా’ అన్నాడు చివరికి. ‘నాకిస్తే నేను తీసుకుందును.’

‘ఆ పాప మొగం ఎట్ల చూస్తారు సార్?’ అంది మేడమ్.

‘నా పిల్లోల్ల మొగం ఎట్ల చూడాల మేడమ్?’ అన్నాడు ఆయన. కోపంగా అనలేదు. మేడమ్ డబ్బా సంచిలోనుంచి తీసి మళ్ళీ బల్ల మీద పెట్టింది.

తీసుకున్నాడు.

ఆ రైతు వచ్చింది తర్వాత. కూతురు కాలేజీ నుంచి ఫోన్ చేసి ఏడిస్తే వచ్చాడు. మెట్ల దగ్గర సారును పట్టుకున్నాడు. కొడతాడేమోనని నేను చీపురు పట్టుకునే మధ్యలోకి పోయాను. కొట్టలేదు. గొంతు కూడా ఎత్తలేదు.

‘నువ్వు చెప్పినావు సార్. చేరినాక ఎత్తేసినా ఎత్తేస్తారు అని చెప్పినావు. నేనే ఇనలే. నీ మీద నాకేం లేదప్పా.’

తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పోయాడు. సారు అట్లాగే నిలబడ్డాడు. తిట్టి ఉంటే బాగుండు పెద్దమ్మా అన్నాడు నాతో. నాకూ అదే అనిపించింది.

పై గది ఖాళీ చేయమన్నారు. అట్టలన్నీ కట్టలు కట్టి కాల్చమన్నారు. నేను ఇంటికి తీసుకుపోతానన్నాను సారుతో. ‘వద్దు పెద్దమ్మా, పురుగు పట్టినాయి శానా మటుకు. మీ ఇంట్లో గుడ్డలు గూడా తినేస్తాది’ అన్నాడు. కాలేజీ వెనక గుంటలో వేసి కాల్చాను. ఎండిన మొక్కలు గనక తొందరగానే కాలాయి. బందారాకు వాసన కొద్దిసేపు తెలిసింది, తర్వాత అంతా ఒకటే పొగ. ఆ గదిలో ఇప్పుడు కంప్యూటర్లు ఉన్నాయి. ఆ పాప కిటికీ పక్క బల్ల మీద కూర్చుంటుంది. మేడమ్ రైల్లో చదువుకొచ్చిన పాఠం చెబితే రాసుకుంటుంది. నేను ఊడ్చడానికి పోతే కాళ్ళు పైకి ఎత్తుతుంది. మాట్లాడదు.

మరుసటి వేసవి బాటనీ సారు వెనక నేనే బండి ఎక్కాను. ఇంకెవరూ లేరు. ఇప్పుడు పక్కవాడు అక్కర్లేదు ఆయనకు. తనకంటూ సబ్జెక్టు లేనివాడు ఏ సబ్జెక్టునైనా తానే చెప్పుకోవచ్చు. బాగా చెప్పడం కూడా వచ్చింది. ఇంటివాళ్ళతో నేల మీదే కూర్చుంటాడు, మజ్జిగ తాగుతాడు, పిల్లల్ని పేరుపెట్టి పిలుస్తాడు. ఒక ఇంట్లో ఒక తల్లి, ‘మీరుంటారా సార్ ఆడ, మా పాపను చూసుకోను?’ అని అడిగింది.

‘ఉంటానమ్మా’ అన్నాడు. ‘నేను పర్మినెంటు.’

అబద్ధం కాదు. ఆ తల్లి మొహం తేటపడింది. నేను మజ్జిగ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

ఆ ఇంటినుంచి తిరిగి వస్తున్నాం. అంతకు ముందు ఒక వాన పడి పోయింది, తర్వాత మళ్ళీ ఎండ కాసింది. దారి పక్కన కోసిన జొన్నచేలో మోళ్ళకు పిలకలొచ్చి, వాడి వేలాడుతున్నాయి. ఒక ముసలాయన మందను ఆ గట్టు వెంబడే తోలుకొస్తున్నాడు. నేను చూసేలోపే సారు బ్రేకు వేశాడు. నేను ఆయన వీపుకు గుద్దుకున్నాను.

‘తోలప్పా, ఆ పక్కకు తోలు! పిలకలొచ్చినాయి ఆడ, వాడిపోయుండాయి. నాము తగులుతాది!’ అని అరిచాడు. ఆ గొంతు నేను ఏడాదిగా వినలేదు.

ముసలాయన కర్ర అడ్డం పెట్టి మందను మళ్ళించాడు. ముందునుంచే మళ్ళిస్తున్నాడేమో కూడా. కళ్ళ మీద చెయ్యి పెట్టుకుని మమ్మల్ని చూశాడు.

‘ఎవరూ? అడ్మిషన్ల సారా?’ అన్నాడు. ‘మొన్న మా ఊరికొచ్చినావు గదా. నీకేంటికప్పా గొర్రెల సంగతి? పో, పో, ఎండెక్కుతాది.’

సారు కాసేపు ఆ చేనువైపే చూశాడు. తర్వాత బండి స్టార్ట్ చేశాడు. ఇంకా రెండు ఊళ్ళు ఉన్నాయి మాకు.